ఏసీ యూనిట్ బాడీ, ఫ్రేమ్ పని మొదలుపెట్టే ముందు జాగ్రత్తలు

• డ్రాయింగ్‌లోని కొలత బయటిదా, లోపలిదా తేల్చుకోండి. వంచినప్పుడు షీట్ సాగుతుంది. అదే షీట్ తుక్కు ముక్కను వంచి, కొలిచి చూశాకే అసలు షీట్ కొయ్యండి.

• ఏ మడత ముందో, ఏది తర్వాతో రాసుకోండి. డబ్బా ఆకారంలో చివరి మడతకు షీట్ మెషిన్‌కే అడ్డం తగలొచ్చు.

• అన్నిటికంటే ముఖ్యమైనది జీఐ షీట్ (జింక్ పూత వేసిన ఇనుప షీట్) వెల్డింగ్. జింక్ పూత కాలి తెల్లటి పొగ వస్తుంది. అది పీలిస్తే కొన్ని గంటల తర్వాత చలి, జ్వరం, ఒళ్లు నొప్పులు మొదలవుతాయి. అందుకే చాలామంది మామూలు జ్వరమే అనుకుంటారు. అతుకు పెట్టే చోట పూత గీకేయండి, పొగ లాగే ఫ్యాన్ పెట్టండి, వెల్డింగ్ పొగకు సరిపడే మాస్క్ వేసుకోండి. గుడ్డ కట్టుకుంటే చాలదు. గీకిన చోట తర్వాత జింక్ పెయింట్ వేయాలి, లేకపోతే తుప్పు అక్కడే మొదలవుతుంది.

• క్లోరిన్ ఉన్న క్లీనర్‌తో తుడిచిన షీట్‌ను వెల్డింగ్ చేయొద్దు. ప్రాణం తీసే ఫాస్జీన్ వాయువు పుట్టొచ్చు.

• షీట్ ఎత్తేటప్పుడు కోత తగలని గ్లోవ్స్ తప్పనిసరి. డ్రిల్లింగ్ దగ్గర మాత్రం తీసేయండి, బిట్‌కు చిక్కుకుంటే చేతిని లాగేస్తుంది.

• గ్రైండర్ రవ్వలు పడేంత దూరంలో ఇన్సులేషన్ ఫోమ్ ఉంచొద్దు.