వడ్డీ లేని వ్యాపారం, 3వ పాఠం: ముదారబా లెక్క

పోయినసారి ఇస్లాం ప్రకారం వడ్డీకి అప్పు తెచ్చి కొట్టు పెట్టడం ఎందుకు కుదరదో చూశాం కదా, మరి చేతిలో పైసా లేనోడు ఏం చేయాలి? దానికున్న పాత దారే ముదారబా. ఒకరిది డబ్బు, ఇంకొకరిది చాకిరీ. ఇస్లాం రాకముందు నుంచే మక్కా వర్తకులు సిరియా వైపు సరుకు పంపేటప్పుడు ఇలాగే చేసుకునేవాళ్లు. డబ్బు పెట్టినాయన రబ్బుల్ మాల్, నడిపేవాడు ముదారిబ్.

దుబాయ్ దేరాలో మసాలా దినుసుల కొట్టు అనుకుందాం. పెట్టుబడి 1,00,000 దిర్హాములు, వాటాలు 60:40, అంటే డబ్బు పెట్టినాయనకి 60, నడిపేవాడికి 40. ఈ వాటాలు వచ్చిన లాభం మీదే, పెట్టుబడి మీద కాదు, ఇది ముందే కాగితం మీద రాసుకోవాలి. "నెలకి 2,000 గ్యారంటీ" అని రాశారో, ఇక అది ముదారబా కాదు, పేరు మార్చుకున్న వడ్డీ.

ఏడాది చివర సరుకంతా అమ్మి ఖర్చులు పోను 1,30,000 ఉంది. ముందు అసలు 1,00,000 పక్కన పెట్టి మిగతా 30,000 పంచండి, ఆయనకి 18,000, నడిపినోడికి 12,000. అదే 80,000 మాత్రమే మిగిలితే ఆ 20,000 నష్టం మొత్తం డబ్బు పెట్టినాయనదే, నడిపినోడికి చాకిరీ దండగ, జీతం అడగడానికి లేదు. కాకపోతే మసాలాలే కొంటానని రాసిచ్చి సెల్‌ఫోన్లు కొన్నాడనుకోండి, అప్పుడు నష్టం అతనే కట్టాలి.

చాలామంది తప్పేది ఇక్కడ. జూన్‌లో 10,000 లాభమని 6,000, 4,000 పంచేసుకున్నారు, డిసెంబరుకి 5,000 నష్టం. అంటే ఏడాది మొత్తానికి లాభం 5,000, వాటాలు 3,000, 2,000. కాబట్టి ఆయన 3,000, ఇతను 2,000 వెనక్కి వేసి అసలు పూడ్చాలి. మధ్యలో తీసుకునేదేదైనా అడ్వాన్స్ కింద రాసుకోండి, గొడవుండదు.

ఇంత బాగుంటే ఇస్లామిక్ బ్యాంకులు అప్పులన్నీ ఇలాగే ఇవ్వొచ్చు కదా అంటారా? ఇవ్వవు, కొట్టువాడి ఖాతా పుస్తకం నిజమో కాదో తేల్చుకోవడం కష్టం, అందుకే సరుకు తామే కొని లాభం కలిపి వాయిదాల్లో అమ్మే మురాబహా వైపే ఎక్కువగా పోతాయి. నాకైతే అది సేఫ్ గేమ్‌లానే అనిపిస్తది.

హోంవర్క్: పెట్టుబడి 2,00,000, వాటాలు 70:30. మార్చిలో 12,000 లాభం పంచుకున్నారు, తర్వాత ఏడాది చివరికి 4,000 నష్టం. నడిపినోడు ఎంత వెనక్కివ్వాలి? 1,200 రాకపోతే పైన జూన్ లాభం లెక్క ఉన్న పేరా మళ్లీ చదవండి. వచ్చే పాఠం ముషారకా, అందులో ఇద్దరూ డబ్బు పెడతారు, నష్టం ఎవరి పెట్టుబడి ఎంతో ఆ లెక్కనే పడుతుంది.