బ్యాకప్ ఎంచుకునే ముందు, ఏది తిరిగి రావాలో తేల్చుకోండి

బ్యాకప్ కోసం ఏ హార్డ్‌డిస్క్ కొనాలి, ఏ క్లౌడ్ తీసుకోవాలి అని అడిగేవారిని నేను ముందుగా అడిగేది ఒక్కటే: రేపు పొద్దున్న ఈ కంప్యూటరు ఆన్ కాకపోతే ఏ ఫైళ్లు లేనిదే మీ పని సాగదు, అవి ఎంతసేపట్లో మళ్లీ చేతికి రావాలి? ఈ లెక్క తేలకుండా కొన్న డిస్కు చాలా ఇళ్లలో సొరుగులోనే ఉండిపోతుంది.

మా బాబాయిగారి డీటీపీ షాపులో కంప్యూటరు పాడైనప్పుడు ఈ సంగతి నాకు బాగా తెలిసివచ్చింది. పెళ్లిపత్రికలు, కరపత్రాలు, బడి ప్రశ్నపత్రాలు కలిపి పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేరులో చేసిన పదేళ్ల ఫైళ్లన్నీ నేనే ఒక డిస్కులోకి ఎక్కించి ఉంచాను కాబట్టి, కొత్త కంప్యూటరులో ధైర్యంగానే తెరిచాను. తీరా చూస్తే 'శుభలేఖ' అని ఉండాల్సిన చోట ఇంగ్లిషు అక్షరాలూ ఏవేవో గుర్తులూ కలగాపులగంగా కనిపించాయి. అవి ఏ కంప్యూటరైనా గుర్తుపట్టే యూనికోడ్ పద్ధతిలో కాక అను ఫాంట్లలో కొట్టిన ఫైళ్లు; ఆ ఫాంట్లు లేని కంప్యూటరుకు అది తెలుగని తెలిసే వీలే లేదు. ఫైళ్లను దాచాను గాని ఫాంట్లను దాచలేదు. అందుచేత జాబితా రాసేటప్పుడు ఫొటోలు, డాక్యుమెంట్లతో ఆగిపోకుండా, వాటిని తెరవడానికి కావలసిన ఫాంట్లనూ, సాఫ్ట్‌వేర్ లైసెన్సు వివరాలనూ, అవుట్‌లుక్ వాడేవారైతే దాని మెయిల్ ఫైలునూ చేర్చాలి. టాలీలో లెక్కలు రాసేవారు డేటా ఫోల్డరును కాపీ చేసే ముందు టాలీని మూసివేయడం మంచిది.

ఇక పద్ధతి ఎంచుకోవడానికి, ఫైళ్లు ఎన్ని రకాలుగా పోతాయో చూడాలి. డిస్కు చెడిపోవచ్చు, పొరపాటున మనమే చెరిపివేయవచ్చు, వైరస్ పట్టవచ్చు, దొంగతనం, అగ్నిప్రమాదం, వరద రావచ్చు. గూగుల్ డ్రైవ్‌లోనో వన్‌డ్రైవ్‌లోనో ఫోల్డరు సింక్ అవుతోంది గనుక బ్యాకప్ ఉన్నట్టేనని చాలామంది అనుకుంటారు. సింక్ అంటే ఇక్కడ జరిగినదే అక్కడా జరగడం: కంప్యూటరులో చెరిపిన ఫైలు క్లౌడ్‌లోనూ చెత్తబుట్టకు చేరుతుంది, 30 రోజులు దాటాక అక్కడినుంచీ పోతుంది. డిస్కు చెడిపోతే సింక్ ఆదుకుంటుంది. మన చేతితో జరిగిన పొరపాటును ఆ గడువులోగా గమనించకపోతే ఆదుకోదు.

ఎప్పుడూ కంప్యూటరుకు తగిలించే ఉంచిన ఎక్స్‌టర్నల్ డిస్కుకూ ఇలాంటి లోపమే ఉంది. 2017 మేలో వానాక్రై అనే రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి, తీయడానికి డబ్బు అడిగే వైరస్) ప్రపంచమంతటా విరుచుకుపడి, ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లను కూడా తాకింది. అది సోకిన కంప్యూటరులోని ఫైళ్లకే కాక, తగిలించి ఉన్న డ్రైవుల్లోని ఫైళ్లకూ తాళం వేసేది. కరెంటు హెచ్చుతగ్గులకు కంప్యూటరుతో పాటు డిస్కు కూడా బలయ్యే ప్రమాదం సరేసరి. కాబట్టి కాపీ పూర్తికాగానే డిస్కును కంప్యూటరు నుంచి తీసి వేరేచోట పెట్టాలి. కుదిరితే రెండు డిస్కులు కొని, ఒకటి ఇంట్లో, మరొకటి ఆఫీసులోనో అన్నగారింట్లోనో ఉంచి, నెలకోసారి మార్చుకోవడం నా దృష్టిలో అన్నిటికన్నా చవకైన భద్రత. డిస్కు పరిమాణం మీ ఫైళ్లకు కనీసం రెండింతలుండాలి, ఎందుకంటే పాత ప్రతులకూ చోటు కావాలి. పెన్‌డ్రైవ్‌ను ఫైళ్లు మోసుకెళ్లడానికి వాడండి, దాచడానికి వద్దు.

చేతితో కాపీ చేసే అలవాటు ఎవరికీ మూడు నెలలకు మించి నిలవడం నేను చూడలేదు. అందుకే పనిని సాఫ్ట్‌వేరుకు అప్పగించాలి. విండోస్‌లో ఫైల్ హిస్టరీ, మాక్‌లో టైమ్ మెషీన్ ఉచితంగానే వస్తాయి, పైగా ఒకే ఫైలు పాత రూపాలను తేదీలవారీగా ఉంచుతాయి. డిస్కు తగిలించడం మాత్రం మీ వంతు. దానికి వారంలో ఒక రోజు పెట్టుకోండి. మన దగ్గర మరో తిరకాసు ఉంది. విండోస్ మళ్లీ వేయాల్సివస్తే పోకూడదని అందరం ఫైళ్లను డి డ్రైవులో పెడతాం. ఫైల్ హిస్టరీ మాత్రం డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ వంటి ఫోల్డర్లనే తనంతట తాను చూసుకుంటుంది. డి డ్రైవులోని ఫోల్డర్లను విండోస్‌లో 'లైబ్రరీ' అనే ఫోల్డర్ల జాబితాలో చేర్చకపోతే, ఏడాదిపాటు బ్యాకప్ చక్కగా నడిచినా అందులో మీ పని ఒక్కటీ ఉండదు.

క్లౌడ్ విషయానికొస్తే, ఊరు మొత్తం మునిగినా ఫైలు మిగలడం దాని గొప్పతనం, వేగం దాని ఇబ్బంది. గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీ జీమెయిల్‌కూ ఫొటోలకూ కలిపే. 200 జీబీ ఎక్కించాలంటే సెకనుకు 20 మెగాబిట్ల అప్‌లోడ్ వేగం నిలకడగా ఉన్నా దాదాపు 22 గంటలు పడుతుంది. కనుక అన్నీ కాక, మళ్లీ సంపాదించలేనివాటినే క్లౌడ్‌కు పంపితే చాలు. అదొక్కటే ఆధారమైతే మాత్రం ప్రమాదమే: 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ సంస్థ డేటా సెంటరు భవనం ఒకటి కాలిపోయినప్పుడు, వేరేచోట కాపీ పెట్టుకోని ఖాతాదారులు తమ డేటాను పోగొట్టుకున్నారు. ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 సూత్రం ఇందుకే ఇప్పటికీ చెల్లుతోంది: మూడు ప్రతులు, రెండు రకాల సాధనాలు, ఒకటి వేరే చోట.

ఇంతా చేసి, తెరిచి చూడని బ్యాకప్‌ను నమ్మకూడదు. 2017 జనవరి 31న ప్రోగ్రామర్లు తమ కోడ్ దాచుకునే గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఇంజినీరు పొరపాటున అసలు డేటాబేసును చెరిపివేసినప్పుడు, ఏర్పాటు చేసుకున్న ఐదు బ్యాకప్ పద్ధతుల్లో ఏదీ సరిగా పనిచేయడం లేదని బయటపడింది. ఆరు గంటల ముందు తీసిన ఒక ప్రతి ఉండబట్టి గండం గట్టెక్కింది. మూడు నెలలకోసారి మీ డిస్కును మరో కంప్యూటరుకు తగిలించి, నిరుడు చేసిన ఏదో ఒక ఫైలును తెరిచి, చివరి పేజీ దాకా చూడండి. మా బాబాయిగారు ఇప్పుడు పాత పెళ్లిపత్రిక ఒకటి ప్రింటు తీసి మరీ చూస్తారు.

డిస్కు పోతే పరాయివారు చదవకుండా విండోస్ ప్రోలో ఉండే బిట్‌లాకర్‌తో, హోమ్ వెర్షనులో వెరాక్రిప్ట్ అనే సాఫ్ట్‌వేరుతో తాళం వేయవచ్చు. బిట్‌లాకర్ ఇచ్చే 48 అంకెల రికవరీ కీని (పాస్‌వర్డు మరిచిపోతే తాళం తీసే సంఖ్యను) కాగితంమీద ప్రింటు తీసి, ఇంటి దస్తావేజులతో పాటు బీరువాలో పెట్టి, ఆ సంగతి ఇంట్లో మరొకరికి చెప్పి ఉంచండి. డిస్కు ఉన్న సంచిలో మాత్రం పెట్టకండి.