ఉద్వేగాలను గుర్తించడం - 3వ పాఠం: గుండె దడకు పేరు పెట్టేది ఎవరు?

కిందటి పాఠంలో ఇచ్చిన పని చేశారా? కోపమో భయమో వచ్చినప్పుడల్లా ఒంట్లో ఏం జరిగిందో ఒక్క వాక్యంలో రాయమన్నాను. ఆ కాగితం తీసి, ఉద్వేగం పేరు ఉన్నచోటల్లా వేలు అడ్డుపెట్టి చదవండి. "గుండె దడ, అరచేతుల్లో చెమట, నోరు ఎండింది." ఇది పరీక్ష హాలు ముందు రాసిందా, పెళ్లిచూపుల నాడు రాసిందా? పోల్చుకోవడం కష్టం. ఈ పాఠం ఆ కష్టం గురించే.

1884లో విలియం జేమ్స్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త మామూలు లెక్కను తిరగేశాడు. ఎలుగుబంటిని చూసి భయపడి పరుగెత్తుతాం అనుకుంటాం కదా, పరుగెత్తుతున్నాం కాబట్టే భయం అన్నాడాయన. మరుసటి ఏడు డెన్మార్క్ వైద్యుడు కార్ల్ లాంగె విడిగా దాదాపు అదే మాట చెప్పాడు. 1927లో వాల్టర్ కానన్ అనే అమెరికన్ శరీరధర్మ శాస్త్రవేత్త అడ్డుపడ్డాడు: భయంలో, కోపంలో, చివరికి జ్వరంలో కూడా లోపలి మార్పులు ఇంచుమించు ఒకటే అయినప్పుడు, వాటిని బట్టి ఏది ఏమిటో ఎలా తేలుతుంది? మీ కాగితం కానన్ పక్షమే. (మన నాటకాల, కావ్యాల రసశాస్త్రం కన్నీటిని సాత్త్విక భావాల్లో, అంటే ఉద్వేగం వల్ల ఒంట్లో వాటంతటవే కనబడే మార్పుల్లో చేర్చి, అది ఆనందంలోనూ శోకంలోనూ వస్తుందని ఎప్పుడో ఒప్పుకుంది.)

1962లో షాక్టర్, సింగర్ అనే మనస్తత్వవేత్తలు ఈ చిక్కును ప్రయోగానికి పెట్టారు. విటమిన్ సూది అని చెప్పి విద్యార్థులకు గుండె దడ పుట్టించే ఎడ్రినలిన్ ఇచ్చారు. దడ వస్తుందని కొందరికి ముందే చెప్పారు, కొందరికి చెప్పలేదు. తర్వాత వాళ్ల పక్కన ఒక నటుణ్ణి కూర్చోబెట్టారు. ఒకచోట అతను కాగితం విమానాలు ఎగరేస్తాడు, మరోచోట నింపమన్న ప్రశ్నావళి మీద మండిపడతాడు. దడకు కారణం తెలియనివాళ్లు పక్కవాడి ఉత్సాహాన్నో కోపాన్నో తమదిగా చేసుకుంటారన్నది వీరి వాదన. ఫలితాలు మాత్రం అంత గట్టివి కావు. 1979లో ఇతరులు ఇలాంటి ప్రయోగాలు చేస్తే, కారణం తెలియని దడ ఉత్సాహం వైపు కాక అసౌకర్యం వైపే మొగ్గింది. షాక్టర్, సింగర్‌ల వాదనను సిద్ధాంతంగా నమ్మను కానీ, అభ్యాసానికి అందులోని ప్రశ్న ఒక్కటి చాలు: ఈ దడ అసలు ఎక్కడిది?

ఒకరోజు మధ్యాహ్నం భోజనం మానేసి, మూడు కాఫీలు తాగి, ఫోనులో తమ్ముడి మీద విరుచుకుపడ్డాను. "ముందు అన్నం తిని, తర్వాత కోప్పడు" అంది అమ్మ. తిన్నాక కోప్పడడానికి ఏమీ మిగల్లేదు.

ఈ వారం కాగితాన్ని మూడు గడులు చేయండి. మొదటి దాంట్లో ఒంట్లో తెలిసింది. రెండో దాంట్లో గత రెండు గంటల్లో తిన్నది, తాగింది, ఎక్కిన మెట్లు, అంతకుముందు రాత్రి నిద్ర. ఈ రెండూ నిండాకే మూడో గడిలో పేరు.

పేరు దగ్గర తొందరపడకండి. కోపం అని రాసి ఊరుకోవద్దు. అది చిరాకా, ఉక్రోషమా, అలకా? భయమైతే బెరుకా, గుబులా, కంగారా? బెంగ, దిగులు కూడా ఒకటి కావు. అమ్మ మీదో ఊరి మీదో బెంగ పెట్టుకుంటాం. దిగులు ఏ కారణమూ చెప్పకుండానే కమ్ముకోగలదు. ఇలాంటి తేడా పట్టుకోవడానికి మొదట్లో ఐదు నిమిషాలు పట్టినా పరవాలేదు.

రెండో గడి నింపాక పేరు మార్చుకోవలసి వచ్చిన సందర్భాలు కనీసం మూడు గుర్తుపెట్టుకుని రండి. నాలుగో పాఠం వాటితోనే మొదలవుతుంది.