పైలట్ ఉద్యోగానికి రెజ్యూమే పంపితే కాల్ రావట్లేదా? తేడా ఎక్కడుందో చూడండి

సీపీఎల్ (కమర్షియల్ పైలట్ లైసెన్స్) చేతికొచ్చాక, కొంతమంది టైప్ రేటింగ్ (ఒక ఫలానా రకం విమానం నడిపే అర్హత) కూడా చేసేసుకుని, అన్ని ఎయిర్‌లైన్స్‌కీ రెజ్యూమే పంపి ఎదురుచూస్తుంటారు. పోస్టులు ఎప్పుడు పడతాయో మన చేతుల్లో లేదు, కానీ రెజ్యూమేలో తప్పు వల్ల ఆగిపోవడం మాత్రం పూర్తిగా మన చేతుల్లోదే. ఇంట్లోవాళ్ళు పొలం అమ్మో లోన్ తీసుకునో ట్రైనింగ్‌కి పంపిస్తే ఆ పిల్లలు ఒక కాగితం దగ్గర ఆగిపోకూడదు, అందుకే ఇది రాస్తున్నా.

సమస్య: ఎన్నిసార్లు అప్లై చేసినా రిప్లై లేదు

కారణం చాలావరకు ఒకటే, సాఫ్ట్‌వేర్ జాబ్ టెంప్లేట్ తీసుకుని నింపేస్తారు. పైన కెరీర్ ఆబ్జెక్టివ్, చిన్నప్పటి నుంచి ఎగరాలని కల అని నాలుగు లైన్లు, పక్కన స్కిల్స్‌కి స్టార్లు, హాబీలు, అసలు ఫ్లయింగ్ హవర్స్ ఎక్కడో రెండో పేజీలో. చూసేవాళ్ళకి కావాల్సింది ఏ లైసెన్స్ ఉంది, ఎన్ని గంటలు, ఏ విమానం మీద, మెడికల్ ఎప్పటిదాకా ఉంది, అంతే.

పరిష్కారం: ఒక్క పేజీ. పేరు, ఫోన్ కిందే డీజీసీఏ (మన విమానయాన నియంత్రణ సంస్థ) ఇచ్చిన సీపీఎల్ నంబరు, ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ (ఐఆర్, బయట కనపడకపోయినా పరికరాలు చూసి నడిపే అర్హత), మల్టీ ఇంజిన్ రేటింగ్, టైప్ రేటింగ్ ఉంటే అదీ, ఎఫ్ఆర్‌టీఓఎల్ (విమానంలో రేడియో వాడే లైసెన్స్), ఇంగ్లిష్ ప్రొఫిషియెన్సీ లెవెల్, క్లాస్ 1 మెడికల్, ప్రతిదానికీ ఎప్పటిదాకా చెల్లుతుందో తేదీ. 40 ఏళ్ళలోపు వాళ్ళకి క్లాస్ 1 మెడికల్ 12 నెలలే కాబట్టి అయిపోవచ్చిన మెడికల్‌తో అప్లై చేయకండి, ముందు రెన్యూ చేయించుకోండి. రెండు కాలమ్స్, ఐకాన్లు, రంగులు వద్దు, కొన్ని పోర్టల్స్ వాటిని సరిగ్గా చదవలేవు.

సమస్య: షార్ట్‌లిస్ట్ అయ్యారు, డాక్యుమెంట్ వెరిఫికేషన్‌లో ఆగిపోయారు

ఇది ఎక్కువ బాధపెట్టేది, ఎందుకంటే గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి రావడం. కారణం గంటల లెక్క. రెజ్యూమేలో ఒకటి, ఆన్‌లైన్ ఫారంలో ఇంకొకటి, లాగ్‌బుక్‌లో (ప్రతి ఫ్లైట్ గంటలూ రాసుకునే పుస్తకంలో) మూడోది.

అమెరికాలో ట్రైనింగ్ చేసినవాళ్ళకి ఈ ఇబ్బంది మరీ ఎక్కువ. అక్కడ లాగ్‌బుక్‌లో టైమ్ పాయింట్లలో (గంటలో పదో వంతుల లెక్కన) రాస్తారు, మన దగ్గర గంటలు నిమిషాల్లో. 1.3 అంటే 1 గంట 18 నిమిషాలు, దాన్ని 1 గంట 30 నిమిషాలని ఎక్కించేస్తే అలాంటి ఒక్కో ఎంట్రీకి 12 నిమిషాలు ఎక్కువ పడుతుంది, అలా 200 గంటల మీద ఎంత తేడా వస్తుందో మీరే లెక్కేసుకోండి. రెండోది పీఐసీ, అంటే పైలట్ ఇన్ కమాండ్‌గా నడిపిన గంటలు. అక్కడి రూల్ ప్రకారం రేటింగ్ ఉన్న విమానాన్ని మీరే నడుపుతుంటే పక్కన ఇన్‌స్ట్రక్టర్ ఉన్నా పీఐసీ రాసుకోవచ్చు, అదే ఫ్లైట్ డ్యూయల్‌గా (ఇన్‌స్ట్రక్టర్ దగ్గర నేర్చుకున్న గంటలుగా) కూడా పడుతుంది. మన దగ్గర అది డ్యూయలే. అందుకే డ్యూయల్, పీఐసీ కలిపితే టోటల్ కంటే ఎక్కువ వస్తుంది, చూసేవాళ్ళకి అది అబద్ధంలా కనిపిస్తుంది, మీరు ఏ తప్పూ చేయకపోయినా. సీపీఎల్‌కి 200 గంటల్లో 100 పీఐసీ ఉండాలి కాబట్టి వాళ్ళు ముందు చూసేది కూడా ఆ కాలమే.

పరిష్కారం: లాగ్‌బుక్ మొదటి పేజీ నుంచి మళ్ళీ కూడండి, ఓపిగ్గా. టేబుల్‌లో టోటల్, పీఐసీ, డ్యూయల్, క్రాస్ కంట్రీ, నైట్, ఇన్‌స్ట్రుమెంట్, మల్టీ ఇంజిన్ వేరువేరుగా పెట్టండి, సెస్నా 172 (ఒక ఇంజిన్ ట్రైనింగ్ విమానం) మీద ఎన్ని, డీఏ42 (రెండు ఇంజిన్లది) మీద ఎన్ని అని విడగొట్టండి. సిమ్యులేటర్ గంటలు కింద విడిగా రాయండి, టోటల్‌లో కలపొద్దు. ఏ తేదీ వరకు లెక్కో పైన వేయండి. రౌండ్ ఫిగర్ చేయకండి, 198:40 ని 200 అని రాస్తే అది చిన్న విషయం కాదు, ఈ వృత్తిలో నమ్మకం అక్కడే పోతుంది.

సమస్య: పేరు కలవట్లేదు

మన తెలుగువాళ్ళకి ఇది ప్రత్యేకం. టెన్త్ మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరం, పాస్‌పోర్ట్‌లో పూర్తిగా, లైసెన్స్‌లో ఇంకోలా. రెజ్యూమేలో పాస్‌పోర్ట్, లైసెన్స్‌లో ఉన్నట్టే రాయండి, ఆ రెండే కలవకపోతే మాత్రం అప్లై చేసే ముందే సరిచేయించుకోండి, దీనికి టైమ్ పడుతుంది కాబట్టి ట్రైనింగ్‌లో ఉన్నప్పుడే చూసుకుంటే మంచిది.

సమస్య: అన్నిటికీ ఒకే రెజ్యూమే

ఒక్కో ఎయిర్‌లైన్ నడిపే విమానాలు వేరు: ఇండిగోలో ఎక్కువగా ఎయిర్‌బస్ ఎ320 ఫ్యామిలీ, చిన్న ఏటీఆర్‌లు కూడా ఉన్నాయి, ఆకాశ ఎయిర్ నడిపేది బోయింగ్ 737 మ్యాక్స్. మీ టైప్ రేటింగ్ ఆ కంపెనీకి సరిపోయేదైతే పై లైన్లోనే కనపడాలి.

సమస్య: ట్రైనింగ్ అయ్యాక గ్యాప్ వచ్చింది

గ్యాప్ దాచాలని తేదీలు తీసేసి ఒట్టి సంవత్సరాలు రాస్తారు, అది వెంటనే తెలిసిపోతుంది. నెలతో సహా రాయండి, ఆ టైమ్‌లో ఏం చేశారో ఒక్క లైన్లో చెప్పండి, ఐఆర్ రెన్యూవల్, సిమ్ సెషన్లు, గ్రౌండ్ క్లాసులు చెప్పడం, ఇంట్లో పరిస్థితి బాగోక వేరే ఉద్యోగం చేసినా సరే, అందులో తక్కువేం లేదు. చివరిగా ఎప్పుడు ఫ్లై చేశారో, ఆఖరి 6 నెలల్లో ఎన్ని గంటలో కూడా ఉన్నదున్నట్టు పెట్టండి, సున్నా అయితే సున్నానే, ఇంటర్వ్యూలో ఎలాగూ అడుగుతారు.