వరంగల్‌లో కూర్చుని ఒక విక్టోరియా కాలపు నౌకాధికారి జీవితం రాయడం ఎలా

వరంగల్‌కు సముద్రం దూరమే గాని, విక్టోరియా కాలపు నౌకాధికారి జీవితం రాయడానికి కావలసిన ఆధారాలు దూరం కావు. హనుమకొండలో 1904 నుండి ఉన్న రాజరాజనరేంద్రాంధ్ర భాషా నిలయం వంటి గ్రంథాలయంలో ఒక బల్ల, చేతిలో ఇంటర్నెట్ ఉన్న ఫోను ఉంటే పని మొదలుపెట్టవచ్చు. మన దేశ చరిత్రతో ముడిపడిన అధికారినే ఎంచుకోవడం మేలు కనుక, ఇక్కడ బ్రిటిష్ నౌకాధికారి విలియం పీల్‌ను తీసుకుంటున్నాను.

ముందుగా హోదాలను తేదీల వరుసలో వేసుకోవాలి. 1824లో పుట్టిన పీల్ 1838లో నౌకాదళంలో చేరి, 1844లో లెఫ్టినెంట్, 1846లో కమాండర్, 1849లో కెప్టెన్ అయ్యాడు. తండ్రి రాబర్ట్ పీల్ 1841 నుండి 1846 వరకు బ్రిటిష్ ప్రధానమంత్రి అని ఆ పక్కనే రాసిపెట్టుకుంటే, 24 ఏళ్లకే కెప్టెన్ కావడాన్ని కేవలం ప్రతిభ కింద జమకట్టకుండా ఉంటారు. కెప్టెన్ హోదా దాకా ప్రతిభతో పాటు పలుకుబడి కూడా పనిచేసేది; ఆపైన అడ్మిరల్ కావడం సీనియారిటీని బట్టి జరిగేది. నౌకాదళ కెప్టెన్ సైన్యంలోని కర్నల్‌తో సమానమన్న సంగతి మరిచిపోకూడదు.

తర్వాత ప్రతి తేదీకీ సాక్ష్యం వెతకాలి. లండన్‌లోని క్యూలో ఉన్న జాతీయ ఆర్కైవ్స్‌లో ఏడీఎం (నౌకాదళ శాఖ) 196 వరుసలో అధికారుల సర్వీసు రికార్డులు, ఏడీఎం 53లో ఓడల లాగ్ పుస్తకాలు (రోజువారీ నమోదు పుస్తకాలు) ఉన్నాయి. బ్రిటిష్ ప్రభుత్వ అధికారిక పత్రిక లండన్ గెజెట్‌ను ఆన్‌లైన్‌లో ఉచితంగా చదవవచ్చు. అందులో 1857 ఫిబ్రవరి 24న వెలువడిన తొలి విక్టోరియా క్రాస్ (బ్రిటన్ అత్యున్నత సాహస పతకం) జాబితాలో పీల్ పేరుంది: 1854 అక్టోబరు 18న క్రిమియా యుద్ధంలో ముట్టడిలో ఉన్న రష్యా రేవుపట్టణం సెవస్తపోల్ ముందు, తుపాకిమందు పెట్టెల మధ్య పడి ఇంకా వత్తి కాలుతున్న గుండును చేతులతో ఎత్తి గోడ అవతలికి విసిరాడు. ఇటువంటి ఘట్టం దొరికినప్పుడు ఆగి, తీరికగా రాయాలి.

1857 ఆగస్టులో, తిరుగుబాటు సాగుతుండగా, అతని ఓడ షానన్ కలకత్తా చేరింది. నావికులు బరువైన ఫిరంగులను నదిమీద అలహాబాదుకు, అక్కడి నుండి ఎడ్లతో లక్నోకు చేర్చి, నవంబరు 16న తిరుగుబాటుదారులు కాపాడుతున్న షా నజఫ్ సమాధి మందిరం గోడకు అతి దగ్గరగా నిలిపి పేల్చారు. ఆ గోడ లోపల నిలిచి పోరాడినవారి పేర్లు గెజెట్‌లో ఉండవు. అందుకే ఆ కాలపు మనవైపు సంఘటనలను కూడా వరుసలో చేర్చాలి. హైదరాబాదులోని బ్రిటిష్ రెసిడెన్సీపై తుర్రెబాజ్ ఖాన్ దాడి ఆ ఏడే, జూలై 17న జరిగింది.

మరణ కారణాన్ని రెండుసార్లు సరిచూసుకోండి. 1858 మార్చిలో లక్నోలో పీల్ తొడకు తూటా తగిలింది. కాని ఏప్రిల్ 27న కాన్పూర్‌లో, 33 ఏళ్ల వయసులో, అతని ప్రాణం తీసింది మశూచి.