గోల్ఫ్ కార్టుకు వోల్టేజి రెడ్యూసర్ బిగించడం ఎలా?

విశాఖలో బ్యాటరీ బండి గోల్ఫ్ ఆడేవాళ్లకే పరిమితమైన రోజులు పోయాయి. రుషికొండ, భీమిలి దారిలోని రిసార్టుల్లో అతిథులను గదులకు చేర్చేది అదే, పెద్ద అపార్టుమెంట్ సముదాయాల్లో పెద్దవాళ్లను గేటు దాకా తీసుకువెళ్లేదీ అదే. బండి రాగానే యజమానికి అదనపు లైట్లు, గట్టి హారన్, పాటలకు స్టీరియో, ఫోను ఛార్జరు కావాలి. ఇవన్నీ 12 వోల్టుల సామాను. బండిలో ఉన్నది 36 లేదా 48 వోల్టులు. ఆ వోల్టేజిని 12కి దించే చిన్న పెట్టెనే రెడ్యూసర్ అంటారు.

కానీ చాలా బండ్లలో సీటు ఎత్తి చూస్తే ఆ పెట్టె ఉండదు. ఏవో రెండు బ్యాటరీల మీద నుంచి లాగిన రెండు సన్న వైర్లు కనిపిస్తాయి. బండిని పాడుచేసే పద్ధతుల్లో అన్నిటికన్నా ఎక్కువగా జరిగేది ఇదే. 8 వోల్టుల బ్యాటరీలు ఆరు ఉన్న బండిలో రెండింటి నుంచి లాగితే 16 వోల్టులు వస్తాయి, స్టీరియో ఎక్కువ కాలం బతకదు. 12 వోల్టులవి నాలుగు ఉన్న బండిలో ఒక్కదాని నుంచి లాగితే వోల్టు మీటరు సరిగ్గానే 12 చూపిస్తుంది. అందుకే చాలామంది మోసపోతారు. ఛార్జరు బ్యాటరీలను విడివిడిగా చూడదు, వరుస మొత్తాన్ని చూస్తుంది. మొత్తం వోల్టేజి నిండగానే ఆగిపోతుంది. లైట్లకు వాడిన బ్యాటరీ అరకొరగా ఛార్జయి మిగులుతుంది, దాని ప్లేట్ల మీద సల్ఫేటు గట్టిపడుతుంది. మిగతావి అవసరానికి మించి ఛార్జయి నీళ్లు తాగేస్తాయి. ఏడాది తిరిగేసరికి బ్యాటరీలు నాసిరకమని నింద వేస్తారు.

రెడ్యూసర్ భారాన్ని అన్ని బ్యాటరీలకూ సమానంగా పంచుతుంది. 12 వోల్టుల దగ్గర 10 ఆంపియర్లు అంటే 120 వాట్లు. 48 వోల్టుల వరుస నుంచి అందుకు తీసుకునేది, వృథాతో కలిపి కూడా, మూడు ఆంపియర్ల లోపే. విడిగా ఒక చిన్న 12 వోల్టుల బ్యాటరీ పెట్టుకోమని సలహా ఇచ్చేవాళ్లూ ఉన్నారు. దానికి వేరే ఛార్జరు కావాలి, దాన్ని గుర్తుపెట్టుకుని ఛార్జింగుకు పెట్టే మనిషి కావాలి. ఆ మనిషి ఎక్కడా దొరకడు.

ఏం కొనాలి?

మీరు పెట్టబోయే సామాను వాట్లన్నీ కూడి, 12తో భాగించి, వచ్చిన ఆంపియర్లకు రెట్టింపు సామర్థ్యమున్న రెడ్యూసర్ తీసుకోండి. మామూలు బండికి 20 ఆంపియర్లది చాలు. 48 వోల్టుల బండికైతే ఇన్‌పుట్ పరిధి 36 నుంచి 72 వోల్టులు ఉండాలి. 48 వోల్టుల బండి ఛార్జింగులో 60 దాకా వెళ్తుంది. మన కొండదారుల్లో దిగేటప్పుడు మోటారు బ్రేకు వేసి కరెంటు వెనక్కి పంపే బండ్లలోనూ వోల్టేజి పైకి లేస్తుంది. ఇన్‌పుట్ మైనస్, అవుట్‌పుట్ మైనస్ వేరువేరుగా ఉన్న ఐసోలేటెడ్ రకమే కొనండి. రెండో రకం నేను బిగించను.

ఫ్యూజు విషయంలో మాత్రం జాగ్రత్త. కార్లలో వాడే సాధారణ బ్లేడు ఫ్యూజు మీద 32 వోల్టులు అని రాసి ఉంటుంది. 48 వోల్టుల వైపు అది పనికిరాదు. అది కాలినా మధ్యలో మంట నిలబడి కరెంటు ఆగకపోవచ్చు. కనీసం 80 వోల్టుల డీసీకి తగిన 10 ఆంపియర్ల ఫ్యూజు అడగండి. గాజువాక ఆటోనగర్‌లో దొరకకపోతే ఆన్‌లైన్‌లో తెప్పించుకోండి, ఉన్నదానితో సర్దుకోవద్దు. ఇంట్లో లైటుకు వాడే ఏసీ స్విచ్చుకూ ఇదే కారణంతో ఇక్కడ చోటు లేదు. వైరు ఎప్పుడూ ఎక్కువ పోగులున్నదే తీసుకోండి, ఇన్‌పుట్‌కు 2.5, అవుట్‌పుట్‌కు 4 చదరపు మిల్లీమీటర్లది. ఒంటి పోగు ఇంటి వైరు బండి కుదుపులకు లోపలే విరుగుతుంది. సముద్రపు గాలికి ఉత్త రాగి లగ్గులు (వైరు చివర బిగించే లోహపు రింగులు) త్వరగా పచ్చబడతాయి కాబట్టి తగరం పూత ఉన్నవి వాడండి.

మొదలుపెట్టే ముందు

ఛార్జరు తీసేసి రెండు గంటలు ఆగండి. ఛార్జింగులో బ్యాటరీల నుంచి హైడ్రోజన్ వస్తుంది, సీటు ఎత్తి గాలి ఆడనివ్వండి. ఉంగరం, గడియారం, గొలుసు తీసేయండి. స్పానర్ పిడికి ఇన్సులేషన్ టేపు చుట్టండి. కళ్లకు రక్షణ అద్దాలు పెట్టుకోండి. బండి టో/రన్ స్విచ్చును టో (బండిని లాక్కెళ్లేటప్పుడు పెట్టే) స్థానంలోకి మార్చి, వరుస చివరనున్న ప్రధాన మైనస్ కేబుల్‌ను అన్నిటికన్నా ముందు విప్పండి. బిగించేటప్పుడు అదే ఆఖరు.

రెడ్యూసర్‌ను బ్యాటరీల పైన కాకుండా సీటు వెనక, రేకు మీద, గాలి తగిలేలా నిలువుగా బిగించండి. యాసిడ్ ఆవిరి, వాననీళ్లు తగలకూడదు.

అసలు పని: వరుస చివరలు పట్టుకోవడం

ఇక్కడ తొందర పనికిరాదు. వరుసలో ప్రతి బ్యాటరీ ప్లస్ పక్కదాని మైనస్‌కు కేబుల్‌తో కలిసి ఉంటుంది. అలా పక్క బ్యాటరీకి కలవకుండా మిగిలిన ఒక్క ప్లస్సే ప్రధాన ప్లస్, ఒక్క మైనస్సే ప్రధాన మైనస్. రెడ్యూసర్ ఇన్‌పుట్ వైర్లు ఈ రెండింటికే కలపాలి. కంటితో చూసి నమ్మవద్దు, కేబుళ్లు ఒకదాని కింద ఒకటి దూరి ఉంటాయి. మీటరుతో కొలవండి. నిండుగా ఛార్జయిన 8 వోల్టుల బ్యాటరీ ఒక్కొక్కటి 8.4కు పైన చూపిస్తుంది, ఆరూ కలిపి 51కి దగ్గరగా ఉండాలి. మీరు ఎంచుకున్న రెండు చివరల మధ్య 42 వచ్చిందంటే ఒక బ్యాటరీని వదిలేశారు. 34 వస్తే రెండింటిని. ఒక బ్యాటరీని వదిలేసినా రెడ్యూసర్ పనిచేస్తూనే ఉంటుంది, కానీ మిగిలిన బ్యాటరీల మీదే భారం పడుతుంది. దాన్ని పెట్టిన ఫలితం సగం పోయినట్టే.

మీటరు ఎర్ర తీగ ప్లస్ మీద, నల్లది మైనస్ మీద ఉన్నప్పుడు అంకె ముందు మైనస్ గుర్తు రాకూడదు. వస్తే చివరలు తారుమారయ్యాయి. అలాగే కలిపితే రెడ్యూసర్ క్షణంలో పోతుంది. అన్ని కంపెనీల వైర్ల రంగులు ఒకటి కావు. పెట్టె మీద అంటించిన కాగితాన్ని చదివి ఆ ప్రకారమే కలపండి.

లగ్గు పెట్టే వరుస కూడా ముఖ్యమే. బ్యాటరీ సీసపు పోస్టును (కేబుల్ బిగించే మొనను) తాకాల్సింది మోటారుకు వెళ్లే లావు కేబుల్ లగ్గు. దాని పైన మన సన్న లగ్గు, ఆపైన వాషర్, నట్టు. సన్న లగ్గును అడుగున పెడితే, బండి ఎత్తు ఎక్కేటప్పుడు వందల ఆంపియర్లు ఆ పలచని ముక్క గుండా పోవాలి. పోస్టు వేడెక్కి కరిగిన బండ్లను చూశాను. లగ్గును సరైన క్రింపింగ్ పనిముట్టుతోనే నొక్కండి, కటింగ్ ప్లయరుతో కాదు. నొక్కాక చేత్తో గట్టిగా లాగి చూడండి. ఫ్యూజు హోల్డరు ప్లస్ పోస్టుకు జానెడు దూరం దాటకూడదు. హోల్డరు ఉండాలి, ఫ్యూజు మాత్రం ఇప్పుడే పెట్టవద్దు.

ఫ్యూజు తర్వాత 48 వోల్టుల కాయిల్ ఉన్న రిలే (కాయిల్‌కు కరెంటు అందితే కలిసే స్విచ్చు) పెట్టి, కాయిల్‌ను తాళం స్విచ్చుతో నడపండి. దాని కాంటాక్టులూ 60 వోల్టుల డీసీకి పైబడినవై ఉండాలి. ఇది లేకపోతే రెడ్యూసర్ రాత్రీపగలూ కొంత కరెంటు తాగుతూనే ఉంటుంది. వర్షాకాలంలో వారాల తరబడి షెడ్డులో నిలబడే బండ్లకు అది చాలా నష్టం.

అవుట్‌పుట్ వైపు

ఇక్కడ మామూలు బ్లేడు ఫ్యూజుల పెట్టె చాలు, ఒక్కో సామానుకు ఒక్కో ఫ్యూజు. కారులో మైనస్‌కు బాడీని వాడతారు, కార్టులో ఆ పని చేయకండి. ఇక్కడ ఛాసిస్‌కు, అంటే బండి ఇనుప చట్రానికి, బ్యాటరీ మైనస్‌తో సంబంధం ఉండదు. ప్రతి లైటుకూ రెండు వైర్లూ ఫ్యూజుల పెట్టె దాకా రావాలి. స్టీరియో ఇనుప డొక్కు లోపల మైనస్‌కే కలిసి ఉంటుంది, ఛాసిస్‌కు బోల్టు వేస్తే తెలియకుండానే ఛాసిస్ మైనస్ అవుతుంది. ఐసోలేటెడ్ రకమే కొనమని పట్టుబట్టడానికి కారణం ఇదే.

అన్నీ అయ్యాక ప్రధాన మైనస్ కేబుల్ బిగించి, తాళం ఆఫ్‌లోనే ఉంచి ఫ్యూజు పెట్టండి. టో నుంచి రన్‌కు మార్చి తాళం తిప్పండి. సామాను ఏదీ కలపకముందే అవుట్‌పుట్ కొలవండి, 12 నుంచి 13.8 మధ్య నిలకడగా ఉండాలి. తర్వాత ఒక్కొక్కటిగా కలపండి. అన్నీ వెలిగించి పావుగంట తర్వాత రెడ్యూసర్ పెట్టెను, పోస్టు మీది లగ్గును తాకి చూడండి. పెట్టె గోరువెచ్చగా ఉండవచ్చు, లగ్గు ఉండకూడదు. పోస్టులకు పెట్రోలియం జెల్లీ పూయండి. వారం నడిచాక నట్లు మళ్లీ ఒకసారి బిగించి, ఆరు బ్యాటరీల వోల్టేజీ విడివిడిగా రాసి పెట్టుకోండి.