ఉల్లి సాగులో పెరుగుదల నియంత్రకాలు – మూడో పాఠం: గడ్డ ఊరే దశ

గత పాఠంలో నారుమడిని, నాటే ముందు నారు వేర్లను ద్రావణంలో ముంచే పద్ధతిని నేర్చుకున్నాం. ఈ పాఠంలో పైరు గడ్డ ఊరే దశకు వస్తాం. పెరుగుదల నియంత్రకాలు, అంటే మొక్క పెరుగుదలను పెంచే, తగ్గించే మందుల వాడకంలో ఎక్కువ డబ్బు వృథా అయ్యేది ఇక్కడే. ఏ మందు కొనాలన్న ప్రశ్నకు ముందు, మొక్క ఇప్పుడు ఏ పనిలో ఉందో కనిపెట్టడం తెలియాలి.

ఉల్లిగడ్డ వేరు కాదు, కాండమూ కాదు. ఆకుల అడుగుభాగాలు ఒకదానిపై ఒకటి చుట్టుకుని ఉబ్బితే ఏర్పడేదే గడ్డ. గడ్డ ఊరడం మొదలయ్యేనాటికి మొక్కకు ఎన్ని ఆకులు ఉన్నాయి, అవి ఎంత ఏపుగా ఉన్నాయి అన్నదాన్ని బట్టే గడ్డ సైజు చాలావరకు నిర్ణయమైపోతుంది. ఊరడానికి ఆజ్ఞ ఇచ్చేవి పగటి నిడివి, ఉష్ణోగ్రత. కర్నూలు, గద్వాల ప్రాంతాల్లో వేసే రకాలకు పదకొండు, పన్నెండు గంటల పగలు చాలు. ఐరోపాలో పండే రకాలు పద్నాలుగు గంటలకు పైబడిన పగలు కోరుతాయి కాబట్టి ఇక్కడ వేస్తే ఆకులే తప్ప గడ్డ కట్టవు. ఏ హార్మోను మందూ ఈ లోటును తీర్చదు.

ఆజ్ఞ అందిన తర్వాత ఆకు అడుగుభాగంలోని కణాలు పొడవుగా సాగడం మాని అడ్డంగా ఉబ్బుతాయి. కణాలను పొడవుగా సాగదీసే పని మొక్కలోని జిబ్బరెల్లిన్ అనే హార్మోనుది కాబట్టి, గడ్డ ఊరే దశలో జిబ్బరెల్లిక్ ఆమ్లం పిచికారీ చేస్తే ఆకులు నిగనిగలాడుతూ పొడవు పెరుగుతాయి గాని, గడ్డ ఊరడం వెనకబడి మెడ (గడ్డకు పైన ఆకులు కలిసే భాగం) లావుగా మిగిలిపోతుంది. చేను పచ్చగా కనిపించడం చూసి మందు పనిచేసిందని సంబరపడే రైతు, కోత తర్వాత మెడ లావు గడ్డలను వేరుచేసి తక్కువ ధరకు అమ్ముకోవలసి వస్తుంది. క్లోర్‌మెక్వాట్ క్లోరైడ్, మెపిక్వాట్ క్లోరైడ్ అనే పెరుగుదల నిరోధకాలు దీనికి విరుద్ధంగా పనిచేస్తాయి. ఇవి మొక్కలో జిబ్బరెల్లిన్ తయారీనే తొలి మెట్టులో అడ్డుకుంటాయి కాబట్టి ఆకు పెరుగుదల తగ్గి, ఆహారం గడ్డ వైపు మళ్లే అవకాశం ఉంటుంది. అయితే ఇదే మందును ఆకులు చాలకముందే కొడితే చిన్న మొక్క చిన్నగానే ఆగిపోతుంది. ప్యాక్లోబ్యూట్రజాల్ కూడా ఈ కోవకు చెందినదే. అది నేలలో చాలాకాలం నిలిచి తర్వాతి పైరును కుంగదీయగలదు కనుక ఉల్లిలో దాని జోలికి పోవద్దని నా సలహా.

దశను కనిపెట్టే పద్ధతి ఇది. చేనును ఒక మూల నుంచి ఎదుటి మూలకు నడుస్తూ, గట్టు పక్క మొక్కలను వదిలి, పది మొక్కలను పీకండి. మట్టి కడిగి, గడ్డ అత్యంత లావుగా ఉన్నచోట ఒక కొలత, మెడ అత్యంత సన్నగా ఉన్నచోట ఒక కొలత మందం కొలిచే వెర్నియర్ కాలిపర్‌తో తీసుకోండి. కాలిపర్ లేకపోతే దారం చుట్టి స్కేలుపై కొలవండి. రెండు చోట్లా చుట్టుకొలతే తీసుకుంటారు కాబట్టి నిష్పత్తి మారదు. గడ్డ కొలతను మెడ కొలతతో భాగించాలి. మెడ 12, గడ్డ 18 మిల్లీమీటర్లు ఉంటే వచ్చేది ఒకటిన్నర. ఆ మొక్క ఇంకా ఆకులు వేసే పనిలోనే ఉంది. అదే మెడకు గడ్డ 27 ఉంటే వచ్చేది 2.25. ఈ అంకె రెండు దాటితే ఊరడం మొదలైందని శాస్త్రజ్ఞులు లెక్కిస్తారు. పది మొక్కల సగటు రెండు దగ్గరికి రాకముందే పెరుగుదల నిరోధకం కొట్టడం తొందరపాటు. నాటిన రోజుల లెక్కను మాత్రమే నమ్ముకోవద్దు. ముదురు నారు వేసిన మడి, లేత నారు వేసిన మడి పక్కపక్కనే ఉన్నా ఒకేసారి ఊరవు.

ఇక లెక్కకు వద్దాం. పీపీఎం అంటే లీటరు నీటిలో ఇన్ని మిల్లీగ్రాముల అసలు మందు అని అర్థం. కావలసిన పీపీఎంను నీటి లీటర్లతో గుణించి, సీసా మీద రాసిన శాతానికి పది రెట్ల అంకెతో భాగిస్తే, ద్రవమైతే మిల్లీలీటర్లు, పొడి అయితే గ్రాములు వస్తాయి. 50 శాతం క్లోర్‌మెక్వాట్‌తో 15 లీటర్ల ట్యాంకులో 500 పీపీఎం కావాలంటే, 7,500ను 500తో భాగించగా 15 మిల్లీలీటర్లు. దీన్ని మూతతో కాకుండా సిరంజితో కొలవండి. ఇది లెక్క నేర్పే ఉదాహరణ మాత్రమే, సిఫారసు మోతాదు కాదు. 1968 నాటి క్రిమిసంహారక మందుల చట్టం కింద అనుమతి పైరు వారీగా ఉంటుంది. లేబుల్ మీద ఉల్లి పేరు ఉందో లేదో చూసి, లేకపోతే కృషి విజ్ఞాన కేంద్రాన్ని అడగకుండా వాడవద్దు. అసలు మందు పేరూ శాతమూ ముద్రించని, 'గడ్డ ఊరే టానిక్' అని మాత్రమే రాసిన ప్యాకెట్టుతో ఈ లెక్క వేయడమే సాధ్యం కాదు, కాబట్టి దాన్ని కొనకండి.

ఉల్లి ఆకు నిటారుగా, గుండ్రంగా, మైనపు పూతతో ఉంటుంది. జిగురు మందు కలపకపోతే ద్రావణం జారి నేలపాలవుతుంది. ఎండ తగ్గాక, నేలలో తేమ ఉన్నప్పుడు కొట్టండి. తామర పురుగులతో ఆకులు వెండి చారలు తేలిన చేనుకు, ఆకుమచ్చ తెగులు ముదిరిన చేనుకు నిరోధకం కొట్టడం దెబ్బ మీద దెబ్బ. ప్రతి మడిలో రెండు సాళ్లు మందు తగలకుండా వదిలేయండి. కోతనాడు ఆ సాళ్ల నుంచి వంద గడ్డలు, కొట్టినచోటి నుంచి వంద గడ్డలు విడివిడిగా తూకం వేస్తే మందు ఖర్చు తిరిగి వచ్చిందో లేదో తేలిపోతుంది.

పాత సాగు పుస్తకాలు చదివేవారికి ఒక హెచ్చరిక. నిల్వలో మొలకెత్తకుండా కోతకు రెండు వారాల ముందు మాలిక్ హైడ్రజైడ్ కొట్టమని వాటిలో ఉంటుంది. అది కణ విభజనను ఆపుతుంది. పచ్చి ఆకు ద్వారానే లోపలికి చేరుతుంది. తొందరపడి కొడితే గడ్డ బెండు బారుతుంది. కొన్ని దేశాల్లో ఇప్పటికీ వాడుతున్నా, మన దేశంలో అది నిషేధిత మందుల జాబితాలో ఉంది. నిల్వకు వేసే రబీ పంటలో ఆలస్యంగా యూరియా వేయకపోవడం, కోతకు పది, పదిహేను రోజుల ముందు తడి ఆపడం, నీడలో ఆరబెట్టి మెడలు బిగుసుకున్నాకే నిల్వ పెట్టడం మన చేతిలో ఉన్న మార్గాలు. పెద్ద ఎత్తున అయితే గామా కిరణాలతో శుద్ధి చేయవచ్చు. భాభా అణు పరిశోధన కేంద్రం 2002లో లాసల్‌గావ్‌లో అందుకు ఒక కేంద్రాన్ని నెలకొల్పింది.

అభ్యాసం. జవాబులు కింద ఉన్నాయి. ముందు కాగితం మీద మీరే వేసి చూడండి.

ఒకటి: 5 శాతం మెపిక్వాట్‌తో 15 లీటర్లలో 250 పీపీఎం ద్రావణానికి ఎంత మందు కావాలి? రెండు: అదే పరిమాణంలో పొరపాటున 50 శాతం క్లోర్‌మెక్వాట్ పోస్తే ద్రావణం ఎంత గాఢమవుతుంది? మూడు: ఖరీఫ్ చేనులో కాడలు పడిపోలేదు, ఇంకా తడి పెడుతూ ఉండాలా?

జవాబులు. మొదటిది 75 మిల్లీలీటర్లు. రెండోది 2,500 పీపీఎం, అనుకున్నదానికి పది రెట్లు. సీసా మార్చిన ప్రతిసారీ శాతం చదివి లెక్క కొత్తగా వేయాలి. మూడోదానికి, ఖరీఫ్‌లో కాడలు రబీలో లాగా వాటంతట అవి పడిపోవు. ఆకు లేత పసుపుకు తిరిగి గడ్డకు రంగు వస్తే తడి ఆపి కోతకు సిద్ధం కావాలి.